రెండు మీడియం క్యాప్సికమ్ అంటే ఎన్ని కొనాలి? ఏ కూరకు ఎలాంటి కాయ?

రాయగడ నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఇంగ్లిషు వంటల పుస్తకంలో "రెండు మీడియం బెల్ పెప్పర్లు, తరిగితే రెండు కప్పులు" అని ఉంది. వాళ్ల సంతలో దొరికే క్యాప్సికమ్‌లు నిమ్మకాయకు ఎక్కువ, బత్తాయికి తక్కువ. మరి రెండు వేయాలా, నాలుగు వేయాలా? వచ్చే నెల అత్తగారింట్లో పాతిక మందికి గుత్తి క్యాప్సికమ్ కూడా చేయాలి. కాయ అడుగున మూడు బుడిపెలుంటే మగకాయ, కూరకు. నాలుగుంటే ఆడకాయ, తియ్యగా ఉంటుంది, పచ్చిగా తినడానికి అని తోటికోడలు చెప్పిందట, అది నిజమా? ఇంకొకటి, కోసిన కాయ లోపల మరో చిన్న కాయ కనబడితే తినవచ్చా?

ముందు సూటిగా సమాధానం. రెండు మీడియం అని ఉంటే 300 గ్రాములు కొనండి. కాయలు మూడొచ్చినా, నాలుగొచ్చినా పట్టించుకోవద్దు. తొడిమ, గింజలు తీసేస్తే మీకు 240, 250 గ్రాముల ముక్కలు మిగులుతాయి, వంటకు కావలసింది అదే. ఇక ఏ కాయ కొనాలన్నది బుడిపెలను బట్టి కాదు, రంగును బట్టి కూడా కాదు. గోడ మందాన్ని బట్టి. ఆడ, మగ మాట వట్టిది. లోపలి చిన్న కాయను నిశ్చింతగా తినవచ్చు.

నేను ఒడిశాలోని జయపురంలో ఇరవై ఆరేళ్లుగా పెళ్లి వంటలు చేయిస్తున్నాను. అటు కొరాపుట్, సునాబెడ, ఇటు నవరంగపూర్, మల్కన్‌గిరి దాకా తెలుగువాళ్ల ఇళ్లల్లోనూ ఒడియావాళ్ల ఇళ్లల్లోనూ మా గాడిపొయ్యి వెలిగింది. క్యాప్సికమ్ మా వంటల్లో పాత కూర కాదు. మా అమ్మ తరానికి అది "బెంగుళూరు మిరప", ఏడాదికి ఒకసారి కనబడే వింత. ఇప్పుడు పలావులో, పనీర్ కూరలో, నూడుల్స్‌లో, ఆఖరికి ఒడియావాళ్ల కలగూర సంతులాలో కూడా పడుతోంది. అందుకే దీని లెక్క నేను పుస్తకాల్లో కంటే కాటా దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను, అదీ ఒకసారి పరువు పోగొట్టుకున్నాక.

ఆ సంగతి చెప్పేస్తాను. కొత్తలో నేను సరుకుల చీటీ రాసేటప్పుడు క్యాప్సికమ్‌ను కాయల లెక్కన రాసేవాణ్ని. మాఘమాసం పెళ్లికి 150 కాయలు తెప్పిస్తే కూర మిగిలింది. అదే చీటీ దాచుకుని వైశాఖంలో ఇంకో పెళ్లికి మళ్లీ 150 అని రాశాను. వ్యాపారి లెక్క తప్పలేదు, 150 కాయలూ పంపాడు. కాకపోతే ఒక్కొక్కటీ మాఘంలో వచ్చినదానిలో సగం. మూడో బంతికి కూర అడుగంటింది. ఆడపెళ్లివారి పెద్దాయన ఏమీ అనకుండా ఖాళీ గిన్నెను గరిటెతో రెండుసార్లు గీకి నా వైపు చూశారు. ఆ గీకిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ రోజు నుంచి నా చీటీలో క్యాప్సికమ్ ఎదురుగా కిలోలే ఉంటాయి.

ఇప్పుడు మీ పుస్తకం లెక్క చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ పోషక విలువల పట్టికలో శుభ్రం చేసిన మీడియం కాయ బరువు 119 గ్రాములు. చిన్నది 74, పెద్దది 164. సన్నని ముక్కలుగా తరిగిన కప్పు 149 గ్రాములు, నిలువు చీలికలుగా కోసినదైతే కప్పుకు 92 గ్రాములే పడతాయి. అంటే రెండు మీడియం కాయలు 238 గ్రాములు, రెండు కప్పుల ముక్కలు 298 గ్రాములు. ఒకే వాక్యంలో ఉన్న రెండు కొలతల మధ్యే అరవై గ్రాముల తేడా! పుస్తకం రాసినవాళ్లే అంత చూసీచూడనట్టు ఉన్నప్పుడు మీరు గ్రాము గ్రాముకూ కంగారు పడనక్కర్లేదు. రెండు వందల నలభై నుంచి మూడు వందల వరకు ఎంతైనా ఆ వంటకం చెడదు. చెడేదల్లా "చిన్నవి కదా, రెండే వేద్దాం" అనుకుని 130 గ్రాములతో సరిపెట్టినప్పుడు, అప్పుడు మసాలా ఎక్కువై కూర తక్కువై గొంతు పట్టుకుంటుంది.

కప్పు విషయంలో ఒక చిక్కుంది. అమెరికా కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే కప్పు 180. మన ఇంట్లో టీ కప్పు ఇంకా చిన్నది, దానికి లెక్కే లేదు. చాలామంది కుక్కర్ కప్పుతో క్యాప్సికమ్ కొలుస్తారు, పావు వంతు తగ్గిపోతుంది. అదీ కాక ఈ కాయ ముక్కలు వంకర తిరిగి ఉంటాయి కాబట్టి కప్పులో సర్దుకోవు. వదులుగా పోస్తే ఒక లెక్క, అరచేత్తో అదిమితే ఒక లెక్క. బియ్యానికి, పప్పుకి పనికొచ్చే కొలత దీనికి పనికిరాదు. అందుకే బరువే నమ్మండి.

ఇంట్లో కాటా లేదంటారా? కూరలమ్మే చోట ఉంటుంది కదా. 300 గ్రాములు తూయమంటే విసుక్కుంటారనుకుంటే పావు కిలో తీసుకుని పైన ఒక చిన్న కాయ అడగండి, ఒక కాయ దగ్గర ఎవరూ బేరం పెట్టరు. ఒక్కసారి మాత్రం మీ చేతికి ఇష్టమైన పరిమాణం ఉన్న కాయను ఒంటరిగా తూయించి చూడండి. నా మటుకు నాకు, పిడికిలి బిగిస్తే నా పిడికిలికి సరిసమానంగా ఉన్న కాయ 140, 150 గ్రాములు తూగుతుంది, అది పుస్తకాల మీడియం. మీ పిడికిలి నాకన్నా చిన్నది కావచ్చు. రెండు మూడుసార్లు తూయిస్తే మీ లెక్క మీకు తెలుస్తుంది.

వృథా ఎంత పోతుందంటే, ఆ పట్టిక ప్రకారం పచ్చి క్యాప్సికమ్‌లో తొడిమ, గింజలు, బొడ్డు కలిపి 18 శాతం. మా వంటశాలలోనూ పెద్ద కాయలకు అంతే వస్తుంది. చిన్న కాయలకు మాత్రం ఎక్కువ పోతుంది, కిలోకు 220, 230 గ్రాములు తీసేసిన రోజులున్నాయి. కాయ చిన్నదైనంత మాత్రాన తొడిమ ఆ మేరకు చిన్నదవదు కదా. కాబట్టి మీ ఊరి కాయలకు 300 బదులు 320 అనుకోండి.

అసలు మీ సంతలో కాయలు ఎందుకంత చిన్నవి? క్యాప్సికమ్ చల్లదనం కోరే మొక్క. పగలు ఎండ 32 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, నిలిచిన కాయ కూడా సరిగా ఊరదు. అందుకే కొండమీది కొరాపుట్, సెమిలిగుడ వైపు వాతావరణం దానికి నప్పినట్టుగా కింద నేల మీద నప్పదు. కుందులి సంతలో నేను చలికాలం చూసిన కాయలు, వేసవిలో కిందనుంచి వచ్చిన కాయలు పక్కపక్కన పెడితే రెండూ ఒక జాతివని ఎవరూ అనరు. ఇంకో కారణం, ధర బాగున్నప్పుడు రైతు కాయ పూర్తిగా ఎదగకముందే కోసేస్తాడు. అలాంటి కాయ పల్చగా, కాస్త చేదుగా ఉంటుంది. చిన్నదైనా ముదిరిన కాయ వేరు, ఎదగక ముందే కోసిన చిన్న కాయ వేరు. ఆ తేడా గోడలో తెలుస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. కాయ గోడ మందం చూసి కూర నిర్ణయించండి, లేదా కూర నిర్ణయించుకుని ఆ మందం ఉన్న కాయ వెతకండి. బయట పొలాల్లో పండే మామూలు పచ్చి కాయ గోడ మూడు, నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. పాలీహౌసుల్లో పండే ఎరుపు, పసుపు కాయల గోడ దానికి రెట్టింపు, ఏడెనిమిది దాకా కూడా చూశాను. కోయకుండా ఎలా తెలుస్తుందంటారా? ఒకే పరిమాణంలో ఉన్న రెండు కాయలను రెండు చేతుల్లో పట్టుకోండి. ఏది బరువుగా ఉంటే దాని గోడ మందం. లోపలంతా గాలే కాబట్టి ఈ కాయకు బరువు గోడ వల్లే వస్తుంది. తర్వాత బొటనవేలితో భుజం దగ్గర కొద్దిగా నొక్కండి. మందం కాయ రాయిలా నిలుస్తుంది. పల్చటి కాయ లోపలికి సొట్టపడి, వేలు తీయగానే టక్కున పైకి వస్తుంది. సొట్ట అలాగే ఉండిపోయిందంటే అది వాడిన కాయ, వదిలేయండి.

పల్చటి కాయ చెడ్డదేమీ కాదు. శనగపిండి చల్లి చేసే పొడి కూరకు నేను పల్చటిదే ఏరి తెప్పిస్తాను. ముక్క గబగబా వేగుతుంది, నీరు తక్కువ వదులుతుంది, పిండి ముద్ద కట్టకుండా ముక్కను అంటుకుని కరకరలాడుతుంది. అదే మందం కాయతో చేస్తే పైన పిండి మాడేసరికి లోపల ముక్క పచ్చిగానే ఉంటుంది, మూత పెడితే నీరూరి పిండి కాస్తా జావ అవుతుంది. ఈ కాయలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరేనని మరచిపోవద్దు. కిలో శుభ్రమైన ముక్కలు మూత లేకుండా పెద్ద మంట మీద వేయిస్తే దించేసరికి ఏడు వందల గ్రాములు ఉంటాయి. ఉప్పు చివర్లో వేయండి. ముందే వేస్తే ఉప్పు నీరు లాగేసి వేపుడు కాస్తా ఉడుకుడు అయిపోతుంది.

కాల్చి చేసే రోటి పచ్చడికి, పనీర్ కూరలో పెద్ద పలకలుగా వేయడానికి, పెరుగు పచ్చడిలో పచ్చిగా కలపడానికి మందం కాయ కావాలి. పచ్చడికి నిప్పుల మీద కాలిస్తే పైతొక్క నల్లగా మాడి ఊడిపోవాలి, కింద గుజ్జు మిగలాలి. పల్చటి కాయను కాలిస్తే తొక్కతో పాటే గుజ్జు కూడా పోయి చేతికి మసి మిగులుతుంది. కాల్చి, తొక్క తీసి, గింజలు దులిపితే కిలోకు సగం కంటే కాస్త ఎక్కువ దక్కుతుంది, పచ్చడి కొలత ఆ లెక్కన వేసుకోండి. నూడుల్స్, వేపుడు అన్నానికి మధ్యరకం చాలు, కాకపోతే నిలువునా కోయాలి. అడ్డంగా కోసిన చక్రాలు మంట మీద త్వరగా మెత్తబడి వాలిపోతాయి. మందం కాయ చక్రాలు బజ్జీకి బాగుంటాయి.

పచ్చి క్యాప్సికమ్ కూర ఆకుపచ్చగా ఉండాలంటే చింతపండు, టమాటా చివర్లో వేయండి. పులుపు, ఎక్కువసేపు వేడి కలిస్తే ఆకుపచ్చ రంగునిచ్చే పదార్థంలో మెగ్నీషియం జారిపోయి కూర ఖాకీ రంగులోకి తిరుగుతుంది. రుచికి లోటు రాదు, కానీ పెళ్లి పంక్తిలో ఖాకీ రంగు కూరను ఎవరూ రెండోసారి వడ్డించమనరు.

రంగుల గురించి క్లుప్తంగా. ఆకుపచ్చది ఎదిగి ఇంకా పండని కాయ, ఎరుపు, పసుపు, నారింజ పండినవి. ఏ రంగుకు పండుతుందనేది జాతిని బట్టి ఉంటుంది. పండేదాకా మొక్క మీద మరికొన్ని వారాలు ఉంచాలి, ఆ లోపు పురుగు, తెగులు, ఎండ, అన్నీ కాచుకోవాలి, అందుకే ధర ఎక్కువ. పండినదాంట్లో తీపి ఎక్కువ, విటమిన్ సి కూడా ఎక్కువే: ఆ అమెరికా పట్టిక ప్రకారం వంద గ్రాముల పచ్చి కాయలో సుమారు 80 మిల్లీగ్రాములుంటే ఎర్రదానిలో 128 వరకు ఉంటుంది. కానీ వేడికి ఆ విటమిన్ చాలావరకు పోతుంది కాబట్టి బాగా మగ్గబెట్టే కూరలో ఎర్ర కాయలు వేయడం డబ్బు దండగ. వాటిని పచ్చిగానో, దించే ముందో వేయండి. పచ్చి కాయను ఇంట్లో పెట్టి పండిద్దామనుకోవద్దు. ఎర్ర చారలు మొదలైన కాయ మరికొంత రంగు తిరుగుతుందే కానీ, పూర్తిగా పచ్చగా ఉన్నది మామిడికాయలా మగ్గదు, ముడతలు పడుతుంది. చారల కాయలను కొందరు పాడైనవని పక్కన పెడతారు. నేనైతే అవే ముందు ఏరుకుంటాను, చేదు తగ్గి తీపి మొదలైన కాయలవి.

మా బజారులో కూరలమ్మే మావుసి (ఒడియాలో పిన్ని) దగ్గర నేను పదిహేనేళ్లుగా కొంటున్నాను. ఆవిడ ముందు గోనెపట్టా మీద కాయలన్నీ తొడిమ కిందికి, అడుగు పైకి పెట్టి పేరుస్తుంది. అలా పేరిస్తే కాయలు గుండ్రంగా నిగనిగలాడుతూ కనబడతాయి. నేను కూర్చోగానే ఒక్కొక్కటీ తిరగేస్తాను. ఆవిడ నవ్వుతూ "బాబూ, పెళ్లికూతుర్ని చూస్తున్నావా, కూర కొంటున్నావా?" అంటుంది. ఎందుకు తిరగేస్తానంటే కాయ గుట్టంతా తొడిమ దగ్గరే ఉంటుంది. తొడిమ పచ్చగా, గట్టిగా ఉంటే కోసి రెండు మూడు రోజులైందని అర్థం. గోధుమ రంగుకు తిరిగి ఎండితే వారం దాటింది. తొడిమ చుట్టూ ఉన్న పల్లంలో తడి నిలిచి మెత్తబడితే కుళ్లు అక్కడినుంచే మొదలవుతుంది. అదే పల్లంలో సూది మొన పట్టేంత నల్లటి చిల్లు కనబడితే లోపల పురుగు తిష్ట వేసింది. పై భాగం ఎంత అందంగా ఉన్నా కోసి చూస్తే గింజలన్నీ నల్లటి పొడిలో కలిసి ఉంటాయి.

అడుగున నల్లటి, తోలులాంటి మచ్చ ఉంటే అది నీటి తడి ఎక్కువతక్కువలై కాయకు కాల్షియం అందక వచ్చిన లోపం. పురుగు కాదు, ఆ ముక్క కోసేసి మిగతాది వాడవచ్చు, కానీ ధర తగ్గించమని అడగండి. పక్కన తెల్లగా కాగితంలా పల్చబడిన మచ్చ ఎండదెబ్బ. అది కూడా కోసేస్తే సరిపోతుంది, కాకపోతే గుత్తి కూరకు పనికిరాదు, అక్కడ పగులుతుంది.

పేరు విషయంలో ఒక హెచ్చరిక. సంతలో అడిగేటప్పుడు క్యాప్సికమ్ అనో, సిమ్లా మిర్చి అనో స్పష్టంగా అడగండి. ఒడియాలో లంకా అంటే మిరపకాయ. మా కుర్రాడికి ఒకసారి హడావిడిలో "పెద్ద మిరపకాయలు ఐదు కిలోలు" అని చెప్పి పంపాను. వాడు వెళ్లి "బొడొ లంకా" అని అడిగి బజ్జీ మిరపకాయలు ఐదు కిలోలు మోసుకొచ్చాడు. తప్పు వాడిది కాదు. క్యాప్సికమ్‌కు కారం ఉండదు, కారాన్నిచ్చే క్యాప్సైసిన్ తయారు కాకుండా దాని జన్యువులోనే ఒక మార్పు ఉంది. బజ్జీ మిరపలో తక్కువే అయినా కారం ఉంటుంది. అదంతా గింజల్లో కాదు, గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నమంతా నలుగురు కూర్చుని ఈనెలు గీకి పారేశారు, సాయంత్రం దాకా వాళ్ల చేతులు మండాయి.

ఆడ, మగ కాయల ముచ్చట ఫోన్లలో చాలా తిరుగుతోంది, మీ తోటికోడలిని తప్పు పట్టను. క్యాప్సికమ్ పువ్వు ఒక్కదానిలోనే ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయి. ఆ పువ్వు నుంచి వచ్చిన కాయలో గింజలుంటాయి. గింజలున్నది మగకాయ ఎలా అవుతుంది? మూడు బుడిపెలా, నాలుగా అన్నది జాతిని, పెరిగిన పరిస్థితిని బట్టి వస్తుంది. ఒకే మొక్కకు రెండు రకాలూ కాస్తాయి. రుచిలో తేడా రాదు. కానీ మీ గుత్తి కూరకు నాలుగు బుడిపెల కాయలే ఏరండి, కారణం వేరు. పీటకు నాలుగు కాళ్లు ఉన్నట్టు అవి బాణలిలో నిటారుగా నిలబడతాయి. మూడు బుడిపెల కాయలకు చాలాసార్లు అడుగు కోసుగా ఉంటుంది, పక్కకు ఒరిగి కూరిన పొడి నూనెలో పడుతుంది. కొనేటప్పుడే గోనెపట్టా మీద నిలబెట్టి చూడండి, నిలబడింది బుట్టలోకి, పడింది పక్కకు.

ఇప్పుడు మీ పాతిక మంది లెక్క. మనిషికి ఒకటి చొప్పున పాతిక, పగిలేవి, మొహమాటం లేకుండా రెండోది అడిగేవాళ్లు కలిపి ముప్పై కాయలు. ఒక్కొక్కటి 80, 90 గ్రాములుండాలి. అంటే రెండున్నర కిలోలకు కాస్త పైన. ఇక్కడ మాత్రం మీ సంతలోని చిన్న కాయలే అసలైన ఎంపిక. పుస్తకాల్లోని 150 గ్రాముల కాయ గుత్తికి పెద్దదైపోతుంది, విస్తట్లో సగం ఆక్రమిస్తుంది, లోపల మసాలాకు ఉప్పు పట్టేలోపే పైన చిరుగుతుంది.

కూరడానికి ఎంత పొడి కావాలో అంచనా వేయడానికి నేనొక పని చేస్తాను. ఒక కాయ మూత కోసి, గింజలు తీసి, అంచుదాకా నీళ్లు పోసి, ఆ నీళ్లను టేబుల్ స్పూన్‌తో కొలుస్తాను. 85 గ్రాముల కాయలో నాలుగు చెంచాలు పడతాయి. బంగాళాదుంప కూర నింపేటట్టయితే మొత్తం నాలుగు చెంచాలూ కూరాలి, ముప్పై కాయలకు రెండు కిలోలకు కాస్త తక్కువ. కిలోన్నర దుంపలు, అర కిలో ఉల్లిపాయ, బఠాణీ సరిపోతాయి. మన పద్ధతిలో వేయించిన శనగపిండి, వేరుశనగ, నువ్వులు, కొబ్బరి పొడి అయితే సగం వరకే నింపండి, రెండు చెంచాలు. మొత్తం 550, 600 గ్రాముల పొడి చాలు: పావు కిలో శనగపిండి, 200 వేరుశనగ, 50 నువ్వులు, మిగతాది ఎండుకొబ్బరి. గొంతుదాకా కూరితే ఉడికేటప్పుడు పిండి ఉబ్బి మూత తోసేస్తుంది.

మూత కోసేటప్పుడు తొడిమను బొటనవేలితో లోపలికి నొక్కి, తిప్పి, పైకి లాగండి. గింజల గుత్తి మొత్తం ఊడి వస్తుంది. చాకుతో తవ్వితే గోడకు చిల్లు పడుతుంది. ముక్కలకైతే కాయను చీల్చి, నిగనిగలాడే వైపు పలకకు ఆనించి, లోపలి వైపు నుంచి కోయండి. నున్నటి తొక్క మీద మొండి చాకు జారుతుంది, లోపలి వైపు జారదు. మీ అత్తగారింట్లో కత్తిపీట ఉంటే (మా ఒడియా వంటమ్మాయిలు దాన్ని "పనికి" అంటారు) అప్పుడు కూడా తొక్క అరచేతి వైపు, గుజ్జు కత్తి వైపు పట్టుకోవాలి.

ముప్పై కాయలు నిలబెట్టడానికి పదహారంగుళాల వెడల్పు బాణలి కావాలి. లేకపోతే రెండు విడతలుగా చేయండి, ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు. సన్నని మంట మీద, మూత పెట్టి, పది పన్నెండు నిమిషాలు. మధ్యలో ఒక్కసారే పక్కకు తిప్పండి.

ముందు రోజే కొనవచ్చు. కడగకుండా, పల్చటి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో కింది కూరల అరలో పెట్టండి. ఈ కాయకు 7 నుంచి 10 డిగ్రీల చల్లదనం సరిపడుతుంది. అంతకంటే చల్లటి పై అరల్లో కొన్నాళ్లుంటే తొక్క మీద గుంటలు పడతాయి. తడితో పెడితే తొడిమ దగ్గర బూజు వస్తుంది. మిగిలిన ముక్కలను ఉడికించకుండానే ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, కరకర పోతుంది కాబట్టి తర్వాత గ్రేవీ కూరల్లోకే వాడండి.

లోపల కనబడే చిన్న కాయ గురించి అడిగారు. అది తెగులు కాదు, పురుగు కాదు. గింజ కావలసిన చోట ఒక్కోసారి మరో కాయలాంటిది పెరుగుతుంది, అంతే. ఎక్కువగా వంకర తిరిగి, లేత రంగులో, గింజలు లేకుండా ఉంటుంది. రుచి కూడా కాయ రుచే. మా వంటశాలలో ముక్కలు తరిగే పిల్లలు దానికోసం కాచుకుని కూర్చుంటారు. ఎవరి కాయలో వస్తే అది వాళ్లదే, ఉప్పు అద్దుకుని నోట్లో వేసుకుంటారు. మీ ముప్పై కాయల్లో ఒకటైనా దొరక్కపోదు, దాన్ని మాత్రం బాణలిలో పడేయకండి.